ఏటికి గాలి పోసిన పంపు వెర్నా

పటంలో డార్లింగ్ నది అని రాసి ఉంటుంది. ఆ నేల ఆదివాసులైన బార్కింజీ వాళ్లకి మాత్రం అది బాకా. ఆ బాకా ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డునే అరవై ఒక్క ఏళ్లు గడిపిన వెర్నా, ఆ ఏట్లో చూడాల్సినవన్నీ చూసేశాననుకునేది. ఇళ్లలోకి వరద రావడం చూసింది. ఏరు ఎండి, గొర్రెలు బురదలో కూరుకుపోవడం చూసింది. జనవరి నెలలో ఒక గురువారం పొద్దున చూసింది మాత్రం వేరు. ఆ సంగతి ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆమె మొదటి మాట, "నాకు నోట మాట రాలేదు" అనే.

నోట మాట రాకపోవడం వెర్నాకి అలవాటు లేని పని. ఆమె నోరు ఊళ్లో అందరికీ తెలుసు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మ ఎల్సీ పెంచింది. రేకుల ఇల్లు, నలుగురు పిల్లలు, కూరకి ఏరే దిక్కు. గేలం ఎలా వెయ్యాలో, ఏ చెట్టు కూలి నీళ్లలో పడిందో, దాని మొద్దు కింద ఏ కాడ్ చేప కాపురముంటుందో ఎల్సీ చెప్పేది. కాడ్ అంటే ఆ ఏటికి పెద్దమనిషి లాంటి చేప. తన మొద్దు వదిలి ఎక్కడికీ పోదు. మనిషి నీడ పడితే చాలు, లోపలికి జారుకుంటుంది. "వాడింటికి మనం చుట్టాలుగా వెళ్తున్నాం, గొడవ చెయ్యకండి" అని ఎల్సీ పిల్లల్ని కసురుకునేది.

పదిహేడో ఏట వెర్నా ద్రాక్షతోటలో కూలికి చేరింది. ఒక ఎండాకాలం పంపు నడిపేవాడు చెప్పాపెట్టకుండా పోయాడు. గుత్తులు వాడిపోతున్నాయి. మేనేజరు తల పట్టుకుని కూర్చుంటే, "నేను నడుపుతా" అంది వెర్నా. పక్కనున్న మగాళ్లు పడీపడీ నవ్వారు. ఆమె సొంత అన్న డార్బీ అందరికన్నా గట్టిగా నవ్వాడు. "ముందు నీ జడ ఆ బెల్టులో పడకుండా చూసుకో" అన్నాడు. ఆ సాయంత్రం వెర్నా జడ కత్తిరించుకుని వచ్చింది. అప్పటినుంచి ఇరవయ్యారేళ్లు ఆ పంపు ఆమె చేతిలోనే ఉంది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేది. తోట మూతపడ్డప్పుడు పాత డీజిలు పంపుని తుక్కు కింద పడేస్తుంటే, ట్రాక్టరు మీద వేయించుకుని ఇంటికి తెచ్చుకుంది. భర్త రాయ్ అప్పటికే పోయాడు. పిల్లల్లేరు. ఆ పంపుతో పెరట్లో గుమ్మడికాయలు, టమాటాలు పండించుకుంటూ ఉండేది. ఊరంతా పంపు వెర్నా అనేవాళ్లు.

అక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం. ఆ జనవరిలో పదకొండు రోజులు వరసగా ఎండ నలభై అయిదు దాటింది. ఎగువనుంచి నీళ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఏరు కదలడం మానేసి, రంగు డబ్బా ఒలికినట్టు పచ్చగా, చిక్కగా తయారైంది. బుధవారం సాయంత్రం దక్షిణం నుంచి చల్లగాలి వచ్చింది. ఉరిమింది. నాలుగు చినుకులు కూడా పడ్డాయి. జనం వీధుల్లోకి వచ్చి చేతులు చాపుకుని నిలబడ్డారు. "బతికాం రా దేవుడా" అన్నాడు డార్బీ. ఆ రాత్రి ఊరంతా హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే మొక్కలకి నీళ్లు పెడదామని వెర్నా ఒడ్డు దిగింది. కాలి కింద ఏదో కరకరమంది. చూస్తే రొయ్యలు. ఏటి రొయ్యలు వేలకి వేలు గట్టెక్కి మట్టిలో కూర్చున్నాయి. చెట్ల వేళ్లని పట్టుకుని వేలాడుతున్నాయి. వాటి మధ్య గోళ్లు చాచి ఎండ్రకాయల్లా నడుస్తున్న పెద్ద మంచినీటి రొయ్యలు, నీళ్లకి వీపు పెట్టి ఊరివైపు పోతున్నాయి. నీళ్లలో పుట్టినవి నీళ్లు వదిలి పారిపోతున్నాయి! వెర్నా ఒక కాలు పైకెత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

అప్పుడు చప్పుడు వినపడింది. వాన నీళ్లలో పడుతున్నట్టు చప్ చప్ చప్‌మని. ఆకాశంలో మబ్బు లేదు. ఆ చప్పుడు నోళ్లది. ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా చేపల నోళ్లు నీటి మీద తెరుచుకుని మూసుకుంటున్నాయి. చిన్నవి, పెద్దవి, ఒకదాన్ని ఒకటి తినేవి కూడా పక్కపక్కనే, మూతులు పైకి పెట్టి, నీటి పైపొరని గుటకలేస్తున్నాయి. వెండిరంగు బోనీ చేపలు అప్పటికే పొట్టలు తిప్పేసి తేలుతున్నాయి. పసుపుపొట్ట చేపలు మొప్పలు టపటపా కొట్టుకుంటూ, గాలికి ఊగే ఆకుల్లా ఒక పక్కకి వాలిపోతున్నాయి.

మోకాలి లోతులో ఒక కాడ్ ఉంది. తల గంపంత ఉంది. దాని ఒళ్లు ఆకుపచ్చ మచ్చలతో మెరవాలి. పాలిపోయి బూడిదలా ఉంది. వెర్నా నీళ్లలోకి దిగింది. అది కదల్లేదు. చెయ్యి వేసింది. కదల్లేదు. మనిషి నీడకే మాయమయ్యే జీవం, ఆమె అరచేతి కింద నోరు తెరుచుకుని ఉంది. నోరు మూసి తెరవడానికి ఎంతసేపు పడుతోందంటే, ఇక తెరవదేమో అని ప్రతిసారీ అనిపించింది.

"అన్నా! డార్బీ అన్నా!" అని అరిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

డార్బీ పరిగెత్తుకొచ్చాడు. వెనకాల అతని కూతురు షెర్లీన్ వచ్చింది. ఆసుపత్రిలో డ్యూటీకి బయల్దేరినట్టుంది, యూనిఫాంలోనే ఉంది. నీళ్లని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అత్తా, ఏమైంది వీటికి? ఎవరైనా విషం కలిపారా?"

"తెలీదే. దుప్పటి పట్రా. తడిపి పట్రా. ఈ ముసలోణ్ణి ఆ కొండపక్క చెరువుకి తీసుకుపోదాం. అక్కడ నీళ్లు బాగుంటాయి."

డార్బీ, వెర్నా కలిసి కాడ్‌ని దుప్పట్లో ఎత్తారు. ఎత్తేటప్పటికి అది ఒక్కసారిగా జీవం వచ్చినట్టు కొట్టుకుంది. తోకతో డార్బీ రొమ్ము మీద తన్నింది. "చూశావా, ఇంకా సత్తువ ఉంది!" అని వెర్నా సంతోషపడింది. గట్టెక్కించి, ట్రక్కు వెనక నీళ్లతొట్టిలో వేశారు. దారి పొడుగునా అది కొట్టుకుంటూనే ఉంది. వెర్నా తొట్టిలో చేతులు పెట్టి దాన్ని పట్టుకుని కూర్చుంది. సగం దారిలో కొట్టుకోవడం ఆగింది. చెరువు దగ్గర దించి నీళ్లలో నిలబెట్టి, నోటికి ఎదురుగా నీళ్లు తోసింది. పక్కకి ఒరిగిపోయింది. నిలబెట్టింది. మళ్లీ ఒరిగింది. మొప్పలు ఎర్రగా తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

ఆ పొద్దున ఇంకా రెండింటిని అలాగే తెచ్చింది. రెండూ పోయాయి.

తిరిగొచ్చేసరికి ఏరు తెల్లగా ఉంది. కనుచూపుమేర పొట్టలే. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. గూడబాతులు నీళ్ల మీద కూర్చుని, కడుపు నిండిపోయి, ముక్కు ముందున్న చేపని కూడా ముట్టుకోవడం లేదు. ఎండెక్కేకొద్దీ వాసన మొదలైంది. ఎవరో ముసలావిడ గట్టు మీద కూలబడి తమ భాషలో ఏడుస్తోంది.

డార్బీ మాత్రం నీళ్లలో ఉన్నాడు. ఇంకా నోరాడిస్తున్న కాడ్‌లని ఒక్కొక్కటే మొప్పల్లో చెయ్యి పెట్టి లాగి గట్టు మీద వేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" అంది వెర్నా.

"కనపడ్డం లేదూ? కూర."

"సిగ్గు లేదా నీకు? ఊపిరాడక చస్తున్నవాణ్ణి ఇంట్లోకి దూరి ఈడ్చుకొస్తావా? అమ్మమ్మ ఉంటే చెప్పు తెగేదాకా కొట్టేది."

"అమ్మమ్మ ఉంటే బుట్ట పట్టుకుని నా పక్కన నిలబడేది!" అన్నాడు డార్బీ, ముఖం ఎర్రబడి. "మధ్యాహ్నానికి ఇవన్నీ చస్తాయి. చచ్చాక కుక్క కూడా ముట్టదు. కుళ్లబెట్టి ఏడవమంటావా? నువ్వు మోసుకెళ్లి ఉద్ధరించినవి ఎన్ని బతికాయేంటి?"

వెర్నా వెనక్కి తిరిగి నడిచింది.

మధ్యాహ్నం చేపల శాఖ నుంచి హెస్టర్ అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫయ్యేళ్లుండవు. చేతిలో తీగ వేలాడే చిన్న మీటరు. తీగ చివర నీళ్లలో ముంచి చూసింది. తీసి తుడిచి, మళ్లీ ముంచింది. మూడోసారి ముంచాక గట్టు మీద కూర్చుంది.

"ఏమంటోంది అది?" అని అడిగింది వెర్నా.

"సున్నా పాయింటు నాలుగు. నీళ్లలో గాలి లేదు. నాలుగయిదు ఉండాలి. పొద్దున్నుంచీ నాలుగు చోట్ల చూశాను. పాడైపోయిందేమో అనుకున్నా గానీ, మీటరు బాగానే ఉంది."

"నిన్నటిదాకా బాగానే ఉన్నాయి గదా!"

"నిన్నటిదాకా పైన మూరెడు నీళ్లే బాగున్నాయి. ఎండకి పైనీళ్లు కాగి తేలికై, అడుగునీళ్ల మీద మూతలా కూర్చున్నాయి. అడుగున గాలి ఎప్పుడో అయిపోయింది. చేపలన్నీ ఆ పైమూరెడులో నెట్టుకొస్తున్నాయి. రాత్రి చల్లగాలికి పైనీళ్లు చల్లబడి కిందికి దిగాయి, అడుగునీళ్లు పైకొచ్చాయి. అంతా కలిసిపోయింది. దానికి తోడు ఆ పచ్చటి నాచు చచ్చి కుళ్లడం మొదలెట్టింది. ఉన్న కాస్త గాలినీ అదే పీల్చేసింది."

వెర్నాకి నిన్నటి సాయంత్రం గుర్తొచ్చింది. ఊరంతా చేతులు చాపుకుని నిలబడ్డ ఆ చల్లగాలి! తను కూడా వసారాలో కూర్చుని కాళ్లు బారజాపుకుంది. సరిగ్గా అప్పుడే కింద ఇది జరుగుతోంది.

"మరి అవి పైకొచ్చి గాలి మింగుతున్నాయి గదా?"

"గాలి మింగలేవు. గాలి తగిలే నీటిపొర ఉంటుంది చూడండి, వెంట్రుకంత మందం, అందులో కాస్త గాలి కరిగి ఉంటుంది. దాన్ని మొప్పల మీదుగా లాక్కుంటున్నాయి. ముందు మొప్పలు గబగబా ఆడిస్తాయి. చాలకపోతే కదలడం మానేస్తాయి. గుండె నెమ్మదిస్తుంది. ఉన్నదాన్ని పొదుపు చేసుకుంటూ పడుంటాయి. పెద్దవాటికి మరీ కష్టం."

వెర్నా చివరికి అడగలేక అడిగింది. "అమ్మాయ్, పొద్దున మూడింటిని చెరువుకి మోసుకెళ్లాను. మంచి నీళ్లే. ఎందుకు పోయాయి?"

హెస్టర్ ఆమె ముఖం చూసి తలొంచుకుంది. "కొట్టుకున్నాయా?"

"బాగా."

"మనం పరిగెత్తితే ఆయాసపడి తీర్చుకుంటాం. వాటికి తీర్చుకోవడానికి గాలి లేదు. దాచుకున్నదంతా ఆ కొట్టుకోవడంలో ఖర్చయిపోతుంది. రక్తం పులిసిపోతుంది. ఆ తర్వాత మంచి నీళ్లలో వేసినా…" ఆపేసింది. "మీకు తెలీదు గదండీ. నేను కూడా మొదటిసారి అదే చేశాను."

బాధ్యత ఎవరిదో, ఎగువన నీళ్లు ఎవరు ఆపారో అని గట్టు మీద అప్పటికే కేకలు మొదలయ్యాయి. వెర్నాకి అవేవీ చెవికెక్కడం లేదు. సత్తువ ఉందని తను సంతోషపడింది చూడు, అదే తిరుగుతోంది బుర్రలో. చంపింది నేనే అనుకుంటూ ఇంటికి నడిచింది.

ఇంటి వెనక పంపు ఆడుతోంది. పొద్దున గందరగోళంలో ఆమె వేయలేదే! షెర్లీన్ వేసిందట, అత్త మొక్కలు ఎండిపోతాయని. వేసి డ్యూటీకి పోయింది. గట్టు దగ్గర గొట్టం అతుకు ఊడి, సగం నీళ్లు పెరట్లోకి పోకుండా గొడుగులా లేచి ఏట్లోనే పడుతున్నాయి. డీజిలు దండగ అని తిట్టుకుంటూ ఆపడానికి దిగిన వెర్నా, మీట మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

ఆ నీళ్లు పడేచోట చేపలున్నాయి. బతికున్నవి! ఒకదాని పక్కన ఒకటి, తలలన్నీ ధారవైపు పెట్టుకుని, బడిలో పిల్లల్లా వరసలో. కాడ్‌లు కూడా. నోళ్లు పైకి లేవు. నీళ్ల లోపల నెమ్మదిగా మొప్పలాడిస్తున్నాయి.

"హెస్టర్! ఓ హెస్టరూ! ఆ మీటరు పట్రా!"

హెస్టర్ తీగ ముంచింది. ధార కింద రెండు చూపించింది. పది అడుగుల అవతల అర కూడా లేదు.

"రెండు చాలుతుందా?" అంది వెర్నా.

"హాయిగా ఉండటానికి చాలదు. చావకుండా ఆగడానికి చాలు," అంది హెస్టర్. "నీళ్లు పైకి లేచి చిట్లి పడుతున్నాయి గదా, ఆ పడటంలో గాలి పట్టుకొస్తున్నాయి. కానీ మీ గొట్టం అడుగునుంచి లాగుతోందేమో. అడుగు బురద లేస్తే ఇదీ పోతుంది."

ఇక చెప్పక్కర్లేదు. పంపు అంటే వెర్నా. గొట్టం నీళ్లు పీల్చే కొసనున్న ఫుట్ వాల్వుకి ఖాళీ డ్రమ్ము కట్టి పైకి తేలేలా చేసింది. రెండో కొసకి పాత రేకు ముక్క వంచి బిగించి, ధార విసనకర్రలా విచ్చుకుని ఎత్తునుంచి పడేలా తిప్పింది. నడుముదాకా చచ్చిన చేపల మధ్యలో నిలబడి చేసింది ఇదంతా. ప్రతి అడుగుకీ పొట్టలు కాళ్లకి తగులుతున్నాయి. రెండుసార్లు గట్టుకొచ్చి కక్కుకుని మళ్లీ దిగింది.

"వాటిని తరమొద్దు, ముట్టుకోవద్దు," అంది హెస్టర్. "వచ్చేవి వాటంతటవే వస్తాయి. గాలున్న నీళ్లని అవే వెతుక్కుంటాయి."

వచ్చాయి. సాయంత్రానికి ఆ ధార కింద ఊరి పెళ్లిపందిరంత మేర చేపలతో నిండిపోయింది.

అప్పుడొచ్చాడు డార్బీ. చేతిలో డీజిలు క్యాను. చెల్లెలి ముఖం చూడకుండా ఇంజను చుట్టూ తిరిగి చెయ్యి ఆనించి చూశాడు.

"కాగిపోతోంది. నీళ్లు పొయ్యాలి దీనికి. పక్కకి జరుగు."

"ముట్టుకోకు. నీకు తెలీదు దీని సంగతి."

"నలభయ్యేళ్ల కింద నవ్వానని ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"చచ్చేదాకా పెట్టుకుంటా."

"సర్లే. పెట్టుకునే కాసేపు పడుకో. కళ్లు చూడు, కోతిలా ఉన్నావు."

"ఆ చేపలేం చేశావ్?"

"ముసలోళ్లందరికీ పంచా. నీ వాటా షెర్లీన్‌కిచ్చా. నువ్వెలాగూ తినవని." క్యాను మూత తిప్పుతూ ఆగాడు. "వెర్నా, అందులో ఒకటి… కోస్తే కడుపునిండా గుడ్లసంచి, సీజను కాకపోయినా. ఎన్నేళ్లదో. ఇంత పెద్ద ప్రాణి నా చేతిలో పిల్లిలా ఊరుకుంది. ఒక్కటన్నా తప్పించుకుంటుందేమో అని చూశా. ఒక్కటీ తప్పించుకోలేదు." డార్బీ కళ్లలో నీళ్లు చూడటం వెర్నాకి అదే మొదలు.

ఆ పంపు తొమ్మిది రోజులు ఆగకుండా ఆడింది. ఊళ్లో ఎవరి దగ్గరుంటే వాళ్లు డీజిలు తెచ్చి పోశారు. బెల్టు రెండుసార్లు తెగింది. రెండోసారి తెగినప్పుడు పావుగంట పట్టింది అతకడానికి. ఆ పావుగంటలోనే వరసలు చెదిరి, నోళ్లు పైకొచ్చి, కళ్లముందే పదిహేను పసుపుపొట్టలు తేలిపోయాయి. చుట్టూ కుళ్లు. ఆ వాసనకి ఊళ్లో తిండి ఎవరికీ సహించేది కాదు. కొళాయి నీళ్లు కూడా అదే కంపు. లారీలలో తాగునీళ్లు తెప్పించారు. ఏట్లోంచి చేపల్ని పారలతో ఎత్తి ట్రాక్టర్లకి పోశారు. వెర్నా అటు చూసేది కాదు. ధారనే చూస్తూ కూర్చునేది.

పదో రోజు ఎగువనుంచి నీళ్లొచ్చాయి. ఎక్కడో కురిసిందట. ఎర్రటి నీళ్లు, నురగతో. మీటరు అయిదు చూపించింది. వెర్నా పంపు ఆపింది. ఆ నిశ్శబ్దానికి ఊళ్లో కుక్కలు మొరిగాయి. ధార కిందున్న చేపలు కాసేపు అలాగే నిలబడ్డాయి, నమ్మకం కుదరనట్టు. తర్వాత ఒక కాడ్ వెనక్కి తిరిగి, లోతుకి దిగింది. దాని వెనక ఇంకోటి. కన్ను మూసి తెరిచేలోగా ఒక్కటి లేదు.

చలికాలంలో హెస్టర్ వలలు తెచ్చి ఆ మలుపులో వెతికింది. ముప్ఫయ్యొక్క కాడ్‌లు దొరికాయి. ఒక్కొక్కదాన్నీ కొలిచి వదిలేసింది. మూరెడుకన్నా పొడుగున్నది ఒక్కటీ లేదు. పెద్దవన్నీ పోయాయి. "ఇవి అంతవి కావాలంటే ఎన్నేళ్లు పడుతుంది?" అంది వెర్నా. "మీరూ నేనూ చూడం," అంది హెస్టర్. ఎగువా దిగువా ఇరవై మైళ్లలో ఇంకెక్కడా వలలో కాడ్ పడలేదట.

ఆ తర్వాత చేపల చావు మీద ఊళ్లో సభ పెట్టారు. పెద్ద పెద్దవాళ్లొచ్చారు. వెర్నాని మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి జనాన్ని చూసింది. ఇంత నోరున్న మనిషి, ఒక్క ముక్క చెప్పలేకపోయింది. పెదవులు ఆడాయి గానీ మాట రాలేదు. షెర్లీన్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి దించింది.

ఇప్పుడు వెర్నాకి అరవై తొమ్మిది. హెస్టర్ ఇచ్చిన పాత మీటరొకటి వంటింట్లో మేకుకి వేలాడుతుంటుంది. డార్బీ, తనూ కలిసి ఇంకో పంపు సంపాదించి కింది మలుపులో బిగించారు. దాన్ని ఎవరు నడపాలన్నదాని మీద ఇద్దరూ ఇప్పటికీ పోట్లాడుకుంటారు. చేప తినడం ఆమె ఏడేళ్లు మానేసి, పోయిన ఏడు షెర్లీన్ పట్టుకొచ్చిన చిన్న పసుపుపొట్టని నిప్పుల మీద కాల్చి పెడితే తింది. ఎలా ఉందత్తా అని షెర్లీన్ అడిగింది.

"ఉప్పు ఎక్కువేశావ్," అంది వెర్నా.